బగ్స్ బన్నీ ఓడిపోయిన ఆ ఎనిమిది నిమిషాలు

బగ్స్ బన్నీ ఓడిపోయిన కార్టూన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తాబేలుతో పరుగుపందెం వేసుకున్న కార్టూన్లు మూడున్నాయి, కానీ అవి మనందరికీ తెలిసిన కథలోంచి వచ్చినవే కాబట్టి కుందేలు ఓడిపోవడం అక్కడ వింతేం కాదు. 'ఫాలింగ్ హేర్' సంగతి వేరు. 1943 అక్టోబర్ 30న అమెరికా థియేటర్లలో విడుదలైన ఈ ఎనిమిది నిమిషాల కార్టూన్‌లో, ఎంత పెద్ద వేటగాడు తుపాకీ పట్టుకుని ఎదురొచ్చినా క్యారెట్ నములుతూ వాడితో ఆడుకునే బగ్స్, ఒక పొట్టి భూతం చేతిలో మొదటి నుంచి చివరిదాకా దెబ్బలు తింటూనే ఉంటాడు. వణుకుతాడు, కళ్లు తిరుగుతాయి, వెక్కివెక్కి ఏడుస్తాడు, ఒక్కసారి కూడా పైచేయి సాధించడు. అయినా చూసినప్పుడల్లా నేను పడీ పడీ నవ్వుతాను, నవ్వు ఆగిన తర్వాత మాత్రం ప్రతిసారీ ఇదే ఆలోచన వస్తుంది: రెండో ప్రపంచ యుద్ధం మంచి ఊపులో ఉన్నప్పుడు, జనానికి ధైర్యం నూరిపోయాల్సిన రోజుల్లో, దేశమంతా ముద్దు చేసుకుంటున్న హీరోని ఇంత నిస్సహాయంగా చూపించడానికి వీళ్లకి ఎంత గుండె ఉండాలి?

యుద్ధకాలంలో వచ్చిన కార్టూన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకు ఇష్టమో ఒక్క మాటలో చెప్పాలంటే ఇందులో శత్రువు లేడు.

అదెంత పెద్ద విషయమో తెలియాలంటే పక్కన ఏం వచ్చాయో చూడాలి. 1942లో ఎంజీఎం స్టూడియోలో టెక్స్ ఏవరీ తీసిన 'బ్లిట్జ్ వుల్ఫ్'లో మూడు పందిపిల్లల కథని తీసుకుని తోడేలుకి హిట్లర్ వేషం వేశారు. డిస్నీ వాళ్ల 'డెర్ ఫ్యూరర్స్ ఫేస్'లో డొనాల్డ్ డక్ నాజీ ఫ్యాక్టరీలో బాంబులు బిగిస్తూ పిచ్చెక్కిపోతాడు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. టామ్ అండ్ జెర్రీకి మొదటి ఆస్కార్ తెచ్చిన 'ది యాంకీ డూడుల్ మౌస్' 1943లో వచ్చింది, అందులో పిల్లీ ఎలుకా వంటింటి సామాన్లతో ఏకంగా యుద్ధమే చేస్తాయి. అన్నీ మంచి కార్టూన్లే, నేను కాదనను. కానీ అన్నిట్లోనూ ఎదురుగా ఒక ముఖం ఉంటుంది, దాన్ని కొడితే హాలంతా చప్పట్లు కొడుతుంది. 'ఫాలింగ్ హేర్'లో అలాంటి ముఖం లేదు. జర్మన్ లేడు, జపనీయుడు లేడు, అసలు యుద్ధభూమే లేదు. అమెరికా గడ్డ మీద, అమెరికా సైన్యం వాళ్ల విమానాశ్రయంలో, అమెరికా విమానమే చెడిపోతుంది. కథంతా అంతే.

తీసింది లియాన్ ష్లెసింగర్ స్టూడియో, పంచింది వార్నర్ బ్రదర్స్. దర్శకుడు బాబ్ క్లాంపెట్, అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు, ఇరవై నిండకముందే కార్టూన్ల పనిలో చేరినవాడు. కథ వారెన్ ఫోస్టర్, సంగీతం కార్ల్ స్టాలింగ్, గొంతు మెల్ బ్లాంక్. యానిమేటర్‌గా తెర మీద రాడ్ స్క్రిబ్నర్ ఒక్కడి పేరే పడుతుంది. అప్పట్లో ఆ స్టూడియోలో ఒక్కో కార్టూన్‌కి ఒక్కో యానిమేటర్ పేరు మాత్రమే వంతులవారీగా వేసేవాళ్లు, పని మాత్రం చాలామంది చేసేవాళ్లు. ఎనిమిది నిమిషాలంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పదకొండు వేల పైచిలుకు ఫ్రేములు, బొమ్మలన్నీ చేత్తో గీసినవే. అందులో ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో ఇప్పటికీ అభిమానులు కూర్చుని వెతుకుతూ ఉంటారు.

మొదలే బాగుంటుంది. కెమెరా ఒక సైనిక విమానాశ్రయం మీదుగా పోతూ ఒక బోర్డు దగ్గర ఆగుతుంది. ఈ విమానాశ్రయం ఎక్కడుంది: సెన్సార్ చేశారు. ఎన్ని విమానాలున్నాయి: సెన్సార్ చేశారు. సార్జెంట్ గురించి సిపాయిలు ఏమనుకుంటున్నారు: ఇది ఇంకా గట్టిగా సెన్సార్ చేశారు. ఈ జోకుని ఇప్పుడు చూస్తే తేలిగ్గా పోతుంది గానీ, కొడుకు రాసిన ఉత్తరంలో ఊరి పేరు ఉన్నచోట కత్తిరించి పంపిన కాగితాన్ని చేత్తో పట్టుకున్న తల్లిదండ్రులు ఆ హాల్లో కూర్చుని ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకి ఆ మాట రోజూ ఎదురయ్యే మాట.

తర్వాత బగ్స్ కనిపిస్తాడు, ఒక పెద్ద బాంబుకి ఆనుకుని కాలు మీద కాలేసుకుని పుస్తకం చదువుతూ. ఆ పుస్తకం పేరు కూడా పేరడీయే. అలెగ్జాండర్ డి సెవర్‌స్కీ అనే విమాన నిపుణుడు 1942లో, ఈ యుద్ధాన్ని గెలిపించేది వైమానిక బలమేనని వాదిస్తూ రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది, దాన్ని డిస్నీ సినిమాగా కూడా తీశాడు. బగ్స్ చేతిలో ఉన్నది దానికి కుందేలు రూపం, పేరులోని 'ఎయిర్ పవర్' కాస్తా 'హేర్ పవర్', అంటే కుందేలు బలం అయింది. అందులో గ్రెమ్లిన్‌లనే చిట్టి భూతాలు విమానాలని చెడగొడతాయని రాసి ఉంటే, పెద్ద పెద్ద మాటలని కూడబలుక్కుంటూ తప్పుగా చదివి, అబ్బే ఇవన్నీ కట్టుకథలని పగలబడి నవ్వుతాడు. అలా నవ్వుతుండగానే కింద నుంచి టంగ్ టంగ్ అని చప్పుడు. వంగి చూస్తే ఒక పొట్టివాడు, కూనిరాగం తీస్తూ, బాంబు మూతి మీద సుత్తితో కొడుతున్నాడు.

ఏంటి గొడవ అని బగ్స్ అడుగుతాడు. ఇలాంటి బాంబులు సరిగ్గా కొడితే తప్ప పేలవని ఆ పొట్టివాడు ఎంతో ఓపిగ్గా వివరిస్తాడు. బగ్స్‌కి అది సబబుగానే అనిపిస్తుంది. సుత్తి ఇలా తే, నేను కొడతానంటాడు. రెండు చేతులతో ఎత్తి, ఒళ్లంతా వెనక్కి వంచి, బలమంతా కూడదీసుకుని దించుతాడు, సరిగ్గా మూతికి తగలబోయే ముందు సుత్తి గాల్లోనే ఆగిపోతుంది. అప్పుడు కెమెరా వైపు తిరిగి, నేనేం చేస్తున్నానని ఒక్క అరుపు అరుస్తాడు. ఆ అరుపులోనే ఈ కార్టూన్ మొత్తం ఉందని నేను నమ్ముతాను. మామూలుగా ఎదుటివాణ్ణి మాటలతో పడగొట్టి వాడి చేతే వాడి కొంప కూల్పించేది బగ్స్. ఇక్కడ అదే ఎత్తు బగ్స్ మీద వేశారు. వాడి ఆయుధం ముందే లాగేసుకున్నారు, ఇంక చివరిదాకా వాడు ఉత్త చేతులతో గడపాలి.

ఇది గ్రెమ్లిన్ అయ్యుంటుందా అని బగ్స్ అనుమానంగా గొణుగుతాడు. చెవి దగ్గర గ్రెమ్లిన్ గట్టిగా అరుస్తుంది, కాక మరి వెండెల్ విల్కీ అనుకున్నావా అని. విల్కీ అంటే 1940 అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ చేతిలో ఓడిపోయిన రిపబ్లికన్ అభ్యర్థి. ఓడిపోయినా ఇంట్లో కూర్చోకుండా 1942లో విమానంలో ప్రపంచమంతా తిరిగొచ్చాడు, దాని గురించి పుస్తకం రాశాడు, ఆ రోజుల్లో ఎక్కడ విన్నా అతని పేరే. జనానికి అప్పుడది పగలబడి నవ్వే జోకు. ఇప్పుడు వివరణ లేకుండా అర్థం కాదు, ఆ ఒక్కచోటా కార్టూన్‌కి వయసు మీద పడినట్టు కనిపిస్తుంది. నాకైతే అదేం అడ్డు కాలేదు, ఎందుకంటే ఆ అరుపుకి బగ్స్ ముఖం ఎలా వంకర్లు పోతుందో చూడ్డానికి విల్కీ ఎవరో తెలియక్కర్లేదు.

విమానం గాల్లోకి లేచాక ఇంక కథ చెప్పుకోవడానికేం ఉండదు, వరసగా పడే దెబ్బలే. బయట చిక్కుకున్న బగ్స్ తలుపు బద్దలు కొట్టుకుని లోపలికి దూకుదామని ఉరికి వస్తాడు, గ్రెమ్లిన్ ఈ పక్క తలుపూ ఆ పక్క తలుపూ రెండూ తెరుస్తుంది, బగ్స్ ఇటు నుంచి దూరి అటు నుంచి ఆకాశంలోకి వెళ్లిపోతాడు. ఎలాగో తిరిగొచ్చి గోడకి అతుక్కుపోయి నిలబడితే గుండె ఛాతీ దాటి బయటికొచ్చి కొట్టుకుంటూ ఉంటుంది, దాని మీద '4ఎఫ్' అని రాసి ఉంటుంది. సైన్యంలో చేర్చుకునే బోర్డులు, శరీరం బాగాలేదు, పనికిరావు అని వెనక్కి పంపిన వాళ్లకి ఇచ్చే ముద్ర అది. ఆ రోజుల్లో ఆ ముద్ర పడిన కుర్రవాళ్లు వీధిలో తలెత్తుకుని తిరగలేక ఎంత అవమానపడ్డారో చదివితే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి ముద్రని దేశానికి ముద్దుబిడ్డ గుండె మీద వేశారు. పైగా ఏ రోజుల్లో? అదే 1943లో 'సూపర్ ర్యాబిట్' అనే ఇంకో కార్టూన్ చివర బగ్స్ మెరైన్ యూనిఫాం వేసుకుంటే, మెరైన్ దళం వాళ్లు ముచ్చటపడి వాడికి గౌరవ సభ్యత్వం ఇచ్చేశారు. యుద్ధ విమానాల ముక్కుల మీద సిపాయిలే వాడి బొమ్మ గీసుకునేవాళ్లు. అందరి కళ్లలో వాడు అంత వీరుడు. క్లాంపెట్ మాత్రం వాడి గుండె తీసి చూపించి, ఇదిగో, ఇదీ భయపడుతుందన్నాడు.

ఇప్పుడు గ్రెమ్లిన్ల సంగతి చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త అల్లరిలా కనిపిస్తుంది.

గ్రెమ్లిన్‌లని పుట్టించింది బ్రిటిష్ వైమానిక దళం. మెకానిక్ అన్నీ సరిచూసి పంపిన విమానం పైకెళ్లాక కారణం లేకుండా మొరాయిస్తే, దిక్సూచి తప్పు చూపిస్తే, ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతే, అది గ్రెమ్లిన్ పని అనేవాళ్లు పైలట్లు. రోల్డ్ డాల్, తర్వాత పిల్లల కథలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఆయనే, అప్పుడు ఆ దళంలో పైలట్. 1940 సెప్టెంబర్‌లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో విమానం కూలి చావు తప్పి బయటపడ్డాడు. కోలుకుని మళ్లీ ఎగిరినా ఆ దెబ్బల తాలూకు తలనొప్పులు వదల్లేదు, విమానం నడపడానికి పనికిరాకుండా పోయాక 1942లో వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయానికి పంపారు. అక్కడ కూర్చుని గ్రెమ్లిన్ల కథ రాశాడు, విమానాల ఫ్యాక్టరీ కోసం తమ అడవిని కొట్టేశారన్న కోపంతో అవి విమానాల మీద పగబట్టాయని. కథ డిస్నీ చేతికి వెళ్లింది, 1943లో పుస్తకంగా వచ్చింది, సినిమా మాత్రం ఆగిపోయింది. ఆ సినిమా పని నడుస్తున్న రోజుల్లోనే, గ్రెమ్లిన్ల మీద మీరెవరూ ఏమీ తీయకండని వాల్ట్ డిస్నీ అన్న రాయ్ మిగతా స్టూడియోలని అడిగాడు. ష్లెసింగర్ దగ్గర అప్పటికే రెండు కార్టూన్లు తయారవుతున్నాయి, వాటిని ఆపలేక పేర్లలోంచి గ్రెమ్లిన్ అనే మాట మాత్రం తీసేశారు. ఒకటి మనం మాట్లాడుకుంటున్నది, రెండోది 1944లో వచ్చిన 'రష్యన్ రాప్సోడీ', దాన్ని తీసింది కూడా క్లాంపెటే. అందులో గ్రెమ్లిన్లు రష్యా వైపు చేరి హిట్లర్ విమానాన్ని ముక్కలు చేస్తాయి. అది చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది: అక్కడ గ్రెమ్లిన్ మన మనిషి, వాడి పని చూసి మనకి సంబరం. ఇక్కడ గ్రెమ్లిన్ మన విమానంలోనే కూర్చుంది.

మన విమానంలోనే కూర్చోవడం అన్నది అమెరికన్లకి ఉత్త కథ కాదు. ఆ యుద్ధంలో శత్రువు ముఖం ఎప్పుడూ చూడకుండానే, సొంత దేశంలోనే, శిక్షణలోనూ రవాణాలోనూ విమానాలు కూలి చనిపోయిన అమెరికన్ వైమానిక సైనికులు దాదాపు 15,000 మంది. మొదటిసారి ఆ అంకె చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను. పద్దెనిమిదేళ్లకీ, ఇరవై ఏళ్లకీ వచ్చిన కుర్రాళ్లు, నిన్నమొన్నటిదాకా పొలంలోనో కొట్లోనో పనిచేసినవాళ్లు, హడావిడిగా తయారైన విమానాలు, హడావిడిగా ముగించిన శిక్షణ. ఇంటికి టెలిగ్రాం వచ్చేది, కారణం అడగడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. శత్రువు చంపితే శత్రువుని తిట్టుకోవచ్చు, ఒక నట్టు వదులై చనిపోతే ఎవరిని తిట్టుకోవాలి? ఆ ప్రశ్నకి జవాబు దొరక్కే పైలట్లు గ్రెమ్లిన్‌ని కల్పించుకున్నారని నా అభిప్రాయం. యంత్రం మీద కోపం తెచ్చుకోలేం, దానికో మొహం, ఒక వెకిలి నవ్వు తగిలిస్తే కనీసం దాన్ని చూసి నవ్వొచ్చు, తిట్టొచ్చు.

అందుకే బగ్స్ ఈ కార్టూన్‌లో గెలవకపోవడం అవసరం అంటాను. వాడు గ్రెమ్లిన్‌ని ఒక తన్ను తన్ని విమానాన్ని దించేసి ఉంటే, ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో చాలామందికి అది అబద్ధమని తెలిసిపోయేది. గ్రెమ్లిన్‌ని ఎవరూ ఓడించలేదు. సర్దుకుపోయారు, చూసుకుని ఎగిరారు, అదృష్టం ఉన్నవాళ్లు తిరిగొచ్చారు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరైనా విడిగా రాస్తే బాగుండును. సరిగ్గా ఆ ఏడాదే అదే స్టూడియో సిపాయిల కోసం 'ప్రైవేట్ స్నాఫు' అనే కార్టూన్ల వరస మొదలుపెట్టింది. బయట జనానికి చూపించేవి కావు, సైన్యం శిబిరాల్లో మాత్రమే వేసేవాళ్లు. స్నాఫు అనేవాడు ప్రతి కార్టూన్‌లోనూ చెయ్యకూడని పని చేస్తాడు, రహస్యం వాగేస్తాడు, గ్యాస్ మాస్కు పారేస్తాడు, దానికి తగ్గట్టు అనుభవిస్తాడు, వాణ్ణి చూసి సిపాయిలు నేర్చుకోవాలి. వాడికీ గొంతిచ్చింది మెల్ బ్లాంకే, అది వింటే బగ్స్ గొంతులాగే ఉంటుంది. పొద్దున్న స్నాఫు బొమ్మలు గీసి సాయంత్రం బగ్స్ బొమ్మలు గీసిన చేతుల్లోంచి ఈ కార్టూన్ వచ్చిందని గుర్తు చేసుకుంటే, ఇందులో బగ్స్ ఎందుకంత స్నాఫులా ప్రవర్తిస్తాడో అర్థమవుతుంది. పుస్తకంలో ఉన్న హెచ్చరికని చదివి నవ్వేసినవాడు, రెండో నిమిషంలో బాంబు మీద సుత్తి ఎత్తాడు. స్నాఫు చేసేది అచ్చంగా ఇదే.

బొమ్మ గురించి చెప్పకపోతే అన్యాయం. క్లాంపెట్ దగ్గర పనిచేసిన రోజుల్లో స్క్రిబ్నర్ గీసిన మనుషులకీ జంతువులకీ ఎముకలుండవు. భయం వేస్తే ముఖం ఒక్కటే మారదు, ఒళ్లంతా భయంగా మారిపోతుంది, కళ్లు తల కంటే పెద్దవవుతాయి, దవడ జారిపోతుంది, చెవులు ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. ఇదే బగ్స్‌ని అదే స్టూడియోలో ఇంకో దర్శకుడైన చక్ జోన్స్ కార్టూన్లలో చూస్తే ఒక కనుబొమ్మ ఎత్తడంతో పనైపోతుంది, అది కూడా గొప్ప విద్యే, దాన్ని ఇష్టపడేవాళ్లతో నాకు తగువు లేదు. కానీ విమానం కిందికి పడుతున్నప్పుడు కనుబొమ్మ సరిపోదు. రెండు ఆకాశహర్మ్యాల మధ్య సన్నటి సందు ఎదురైతే బగ్స్ స్టీరింగ్ అందుకుని విమానాన్ని నిలువుగా తిప్పి అందులోంచి దూర్చే చోట చూడండి, రెక్క చివర నుంచి వాడి వేలి చివర దాకా అంతా ఒకే గీతలా బిగుసుకుంటుంది. మధ్యలో అరటితొక్కల గ్యాగ్ ఒకటుంది, అది మాత్రం ఎవరైనా పెట్టగలిగిన గ్యాగే, అక్కడ కాస్త జారింది. వెంటనే మళ్లీ పట్టు చిక్కించుకుంటుంది.

స్టాలింగ్ సంగీతం గురించి కూడా ఒక మాట. ఆయన మూకీ సినిమాల రోజుల్లో కాన్సస్ సిటీలో తెర పక్కన కూర్చుని వాయించిన మనిషి. తెర మీద ఏం జరుగుతుంటే అప్పటికప్పుడు దానికి తగిన జనం పాట అందుకోవడం అక్కడే అలవాటైంది. వార్నర్ వాళ్ల పెద్ద ఆర్కెస్ట్రా చేతికొచ్చినా ఆ అలవాటు పోలేదు. గ్రెమ్లిన్ అమెరికా వాళ్లకి చిన్నప్పటి నుంచీ తెలిసిన పాటలే కూనిరాగంగా తీస్తూ విమానాన్ని విప్పుతుంది, సుత్తి దెబ్బలు ఆ తాళానికే పడతాయి. దేశభక్తి పాటల బాణీల్లోనే దేశపు విమానాన్ని నాశనం చేయడం, అది వినడానికి హాయిగా ఉండడం, ఈ రెండూ కలిసి ఒక విచిత్రమైన భయాన్ని పుట్టిస్తాయి. బ్లాంక్ ఏడుపు దానికి తోడు. ఆయన ఇచ్చిన వేల గొంతుల్లో, కిందపడుతున్న విమానంలో బగ్స్ ఏడ్చే ఏడుపు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో నవ్వించాలన్న ప్రయత్నం కనిపించదు, నిజంగానే ఏడుస్తాడు.

చివరికొస్తే, విమానం ముక్కు కింద పెట్టి పడిపోతూ ఉంటుంది. రెక్కలూ తోకా ఒక్కొక్కటీ ఊడిపోయి ఉత్త డొల్ల మిగులుతుంది. వేగం చూపించే మీటర్లో అంకెలైపోయి, నమ్మలేకపోతున్నావు కదూ అన్న మాట పడుతుంది. నేల దగ్గరికొచ్చేస్తుంది, బగ్స్ రంగు మారిపోతుంది. ఇంకో రెండు మూడడుగుల్లో నేలకి గుద్దుకోబోతూ విమానం గాల్లో ఆగిపోతుంది. సారీ, పెట్రోలు అయిపోయింది అంటుంది గ్రెమ్లిన్ మనవైపు చూసి. అవును మరి, ఈ 'ఏ' కార్డులతో ఎలా ఉంటుందో మీకు తెలుసుగా అంటాడు బగ్స్, అద్దం మీద అంటించిన 'ఏ' స్టిక్కరు చూపిస్తూ. అయిపోయింది.

ఆ స్టిక్కరు తెలియకపోతే ఈ ముగింపు చప్పగా అనిపిస్తుంది. 1942 డిసెంబర్ 1 నుంచి అమెరికా అంతటా పెట్రోలు రేషన్. ప్రతి కారు అద్దానికీ ఒక అక్షరం. డాక్టర్లలాంటి వాళ్లకి 'సీ', యుద్ధం పనికి కారు కావాల్సిన వాళ్లకి 'బీ', మిగతా జనమంతా 'ఏ'. 'ఏ' అంటే వారానికి మూడు నాలుగు గ్యాలన్లు, సుమారు పదకొండు నుంచి పదిహేను లీటర్లు. నిజానికి కొరత పెట్రోలుది కాదు, రబ్బరుది. 1942 మొదట్లో జపాన్ మలయానీ డచ్ ఈస్టిండీస్‌నీ ఆక్రమించేసరికి అమెరికాకి వచ్చే సహజ రబ్బరులో సుమారు తొంభై శాతం ఆగిపోయింది. టైర్లు అరగకూడదంటే కార్లు తిరగకూడదు, కార్లు తిరగకూడదంటే పెట్రోలు ఇవ్వకూడదు. వేగం కూడా గంటకి 35 మైళ్లకి కట్టేశారు. ఆదివారం పూట చుట్టాలింటికి వెళ్లాలన్నా లెక్క చూసుకోవాలి, ఆ 'ఏ' స్టిక్కరు మీద జనానికి ఉన్న చిరాకు అంతా ఇంతా కాదు.

హాల్లో ఉన్న వాళ్లలో కారున్న చాలామందికి ఇంట్లో ఆ స్టిక్కరుంది. ఏడు నిమిషాల పాటు మీ భయం ఇదీ అని చూపించి, ఎనిమిదో నిమిషంలో మీరు రోజూ తిట్టుకునే ఆ కాగితం ముక్కే ప్రాణం కాపాడిందని చెప్పారు. ఇందులో ఎంత ప్రచారం ఉందో నాకు తెలుసు. రేషన్ మీద జనం విసుక్కోకూడదన్నది ప్రభుత్వానికి కావాల్సిన మాటే, కార్టూన్లు ఆ మాట చెప్పాయి. కానీ ఉపన్యాసంలా చెప్పలేదు. పైగా భౌతికశాస్త్రాన్ని పక్కకి నెట్టేసి, పెట్రోలు లేకపోతే కిందపడడం కూడా కుదరదన్న పిచ్చి తర్కంతో చెప్పారు. ముగింపు మోసం అనేవాళ్లు ఉన్నారు, బగ్స్ తన తెలివితో బయటపడలేదు, ఎవరూ గెలవలేదు, కథ మధ్యలో వదిలేశారని. నేను ఒప్పుకోను. వాడి తెలివి వల్ల బయటపడలేదు కాబట్టే ఇది సరైన ముగింపు. అప్పటి జనం బతికింది కూడా అలాగే, ఎవరి ప్రతాపం వల్లా కాదు, ఏదో ఒకటి అడ్డుపడి ఆగిపోవడం వల్ల.

ఇంకొకటి కూడా చెప్పాలి. యుద్ధకాలపు కార్టూన్లలో చాలావాటిని ఇవాళ చూడలేం. జపనీయుల మీద, నల్లవాళ్ల మీద గీసిన బొమ్మలు అసహ్యంగా ఉంటాయి, బగ్స్ మీద తీసినవాటిలోనూ 1944లో జపాన్ సైనికుల మీద వచ్చినది ఒకటుంది, తర్వాత దాన్ని అమ్మకాల నుంచి తీసేశారు. క్లాంపెట్ కూడా అలాంటివి తీశాడు, అందులో దాచాల్సిందేమీ లేదు. 'ఫాలింగ్ హేర్' మీద మాత్రం ఆ మచ్చ లేదు, దానికి కారణం నేను మొదట చెప్పినదే, ఇందులో శత్రువు లేడు. ఒక జాతిని వెక్కిరించాల్సిన అవసరమే రాలేదు. విల్కీ ఎవరో, 'ఏ' కార్డు ఏమిటో తెలియని పిల్లలు కూడా ఇవాళ దీన్ని చూసి నవ్వుతారంటే అందుకే, విమానం చెడిపోతే భయపడడం అందరిదీ.

చూడాలనుకుంటే ఇబ్బందేం లేదు. అమెరికాలో దీని కాపీరైట్‌ని ఎవరూ పునరుద్ధరించలేదు కాబట్టి అది అందరి సొత్తయిపోయింది, ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా దొరుకుతుంది. అదే చిక్కు కూడా. ఎవరికి తోచిన కాపీ వాళ్లు పెట్టేశారు, చాలావాటిలో రంగులు వెలిసిపోయి బగ్స్ బురదరంగులో ఉంటాడు, మాటలు గరగరలాడతాయి. అలాంటిది చూసి దీని మీద అభిప్రాయం పెట్టుకోకండి. శుభ్రం చేసిన ప్రింట్లు ఉన్నాయి, కాస్త వెతికి అవి చూడండి. సుత్తి గాల్లో ఆగిన చోటా, విమానం పడిపోయే ఆఖరి నిమిషంలోనూ ఒక్కో ఫ్రేమే ఆపి చూడండి, మామూలు వేగంలో కంటికి అందని బొమ్మలు చాలా ఉన్నాయి అక్కడ. దాని వెంటనే 'రష్యన్ రాప్సోడీ' పెట్టుకోండి, అదే దర్శకుడు, అవే భూతాలు, ఈసారి విమానం మాత్రం హిట్లర్‌ది.